ఎఱ్ఱరాళ్ల నడుమ చెల్లో కచేరి

2018 వ సంవత్సరము ఆగస్టు మొదటి తేదీ సాయంకాలమున, అమెరికాలోని డెన్వరు నగరమునకు పడమటనున్న కొండలలో, యో యో మా అను ప్రసిద్ధ విద్వాంసుని చెల్లో కచేరి వినుభాగ్యము మాకు కలిగెను. మేమప్పుడు మా అమ్మాయి యింట నుంటిమి. "ఒక్కడే కూర్చుని బాఖ్ రచనలు ఆరూ వాయిస్తాడమ్మా" అని అది చెప్పగా, "పక్కవాద్యములు లేవా?" యని యడిగితిమి. లేవట! మృదంగము లేక, తంబురా యైనను లేక, రెండు గంటలకు పైగా ఒక్క వాద్యమును వినుటెట్లని శంకించుచునే శాలువ కప్పుకొని బయలుదేరితిమి.

ఆ స్థలమునకు రెడ్ రాక్స్ అని పేరు. సముద్రమట్టమునకు 6,450 అడుగుల యెత్తున, ఇరుప్రక్కల 300 అడుగుల ఎఱ్ఱని శిలలు గోడలవలె నిలిచియుండగా, నడుమ మెట్టుమెట్టుగా ఆసనము లమర్చినారు. 1941 లో దీనిని తెఱచిరి. 9,000 మందికి పైగా కూర్చుండవచ్చును. పై కప్పు ఆకాశమే. మెట్లెక్కునప్పటికి మాకు ఆయాసము వచ్చినది. చుట్టును చూడగా పసిపిల్లల తల్లులు, ముసలివారు, దుప్పట్లు పఱచుకొన్నవారు. మన యూళ్లలో శ్రీరామనవమి పందిటి క్రింద కచేరికి చేరిన జనమే జ్ఞప్తికి వచ్చిరి.

కచేరి మొదలగువఱకు మా అమ్మాయి యీ రచనల కథ చెప్పినది. బాఖ్ వీనిని సుమారు 1720 ప్రాంతమున జర్మనీలోని కోతెన్ సంస్థానమున రచించెనట. ఆయన స్వహస్తముతో వ్రాసిన ప్రతి నేడు లేదు. మిగిలినవానిలో ముఖ్యమైన ప్రతి ఆయన రెండవ భార్య అన్నా మగ్దలేనా వ్రాసికొన్నది. ఆమె అదే సంస్థానమున జీతము పుచ్చుకొని పాడిన గాయని. 1721 లో వివాహమైనది. పదుమువ్వురు బిడ్డలను కని, వారిలో ఏడుగురిని బాల్యముననే పోగొట్టుకొన్న తల్లి. ఆ సంసారము నడుమ దీపమువద్ద కూర్చుండి భర్త స్వరములన్నియు ఎత్తి వ్రాసినది! వ్రాత భర్త వ్రాతను ఎంత పోలియుండెననగా, పండితులే పొరబడినారట. బాఖ్ 1750 లో మరణించిన పిమ్మట ఆమె దానధర్మములపై బ్రదికి 1760 లో కన్నుమూసినది. ఈ మాట వినిన పిదప ఆ సాయంకాలము మాకు వేఱొక సాయంకాలమైనది.

చెల్లో యనునది వయొలినునకు పెద్దన్న వంటిది. నాలుగు తంతులు. మోకాళ్ల నడుమ నిలిపి, అడుగుననున్న మొనను నేల కానించి, కమానుతో వాయింతురు. కంఠము పురుషుని కంఠమునకు దగ్గఱ. యో యో మా నాలుగేండ్ల వయస్సున దీనిని పట్టి, ఈ రచనలలో మొదటిదానినే రోజునకు రెండేసి ముక్కలుగా తండ్రివద్ద నేర్చెనట. ఆఱు రచనలు, ఒక్కొక్కటి ఆఱు భాగములు, వెరసి 36. కావున ప్రపంచమున 36 చోట్ల వీనిని వాయింప సంకల్పించి, మొదటిదిగా ఈ కొండలను ఎన్నుకొనెను.

ఆయన చిఱునవ్వుతో వచ్చి కూర్చుండెను. అంత వేదికపై ఒక్క కుర్చీ, ఒక్క మనిషి. ధ్వనివర్ధకములు లేకున్న పై వరుసలకు వినబడుట కల్ల, వానిని తప్పుపట్టము. మొదటి రచన యారంభము మన ఆలాపన వలె తాళపు కట్టు లేనట్లే తోచి, వినగా వినగా లోపల లయ తెలియుచుండెను. కొన్ని నృత్యభాగములు మాకు ఒకే తీరుగ నుండెననుట దాపఱికమేల? రెండు పర్యాయములు మా మనస్సు ఇంటి వంట మీదికిని పోయెను.

అయిదవ రచనలో సారబాండ్ అను భాగము వచ్చునప్పటికి చీకటి పడినది. అందు రెండు తంతులు కలిసి పలుకుట లేదు. ఒక్కొక్క స్వరమే, నూతిలో చేద దింపినట్లు మెల్లగా దిగుచుండెను. అంతమంది జనములో దగ్గు వినబడలేదు. అప్పుడు మాకు మా తల్లిగారి వ్రాతపుస్తకము కండ్లకు కట్టినది. నల్ల అట్ట, సిరా మఱకలు, ప్రతి కీర్తన క్రింద స్వరములు. వంటయిల్లు సర్దిన పిదప రాత్రిళ్లు వ్రాసికొనెడివారు. వారు పోయిన తరువాత ఇల్లు ఖాళీ చేయుచు, పాతకాగితముల వానికి ఆ పుస్తకమును తూచి యిచ్చినది మేమే. ఎన్ని వీసెల కాగితములలో అది కలిసెనో! శాలువ చెఱగుతో కండ్లు తుడుచుకొనగా, మా అమ్మాయి చలియని తలచి మఱియొక దుప్పటి కప్పినది.

స్వదేశమునకు వచ్చినవెంటనే రాజమహేంద్రవరములోని మా పిన్నిగారితో ఈ సంగతి చెప్పితిమి. "ఏడుస్తావెందుకే? అక్కయ్య పుస్తకం చూసి నేను ఎత్తి రాసుకున్నవి నాలుగు కీర్తనలు నా పెట్టెలో ఉండాలి" అని వారనిరి. పదునైదు దినములకు అవి టపాలో వచ్చినవి. నాలుగు కాదు, ఏడు. మూడవదాని ప్రక్కన చిన్న యక్షరములతో "ఇక్కడ అక్కయ్య గమకము వేఱు" అని వ్రాసియున్నది. ఆ గమకమెట్టిదో పిన్నిగారు ఫోనులో రెండుమార్లు పాడి వినిపించిరి. ఇప్పుడు మేము క్రొత్తపుస్తకమొకటి కొని, దినమునకొక పుట వ్రాయుచున్నాము.