శ్లేషార్థం

ఇల్లు కట్టి చూడు అన్నారు మనవాళ్ళు. కట్టిన యింటిని కాపాడి చూడు అనలేదు. ఆ ముచ్చట నేను 2023 జూన్‌లో టెక్సాస్‌లో, మా అక్కయ్య యింట్లో చూశాను.

డల్లాస్‌కు దగ్గర ఫ్రిస్కోలో వుంటారు వాళ్ళు. నేను వెళ్ళిన నాలుగో రోజున ఏ.సి. ఆగిపోయింది. బయట నూరు ఫారన్‌హీటు డిగ్రీలు దాటిన యెండ. బెజవాడ యెండలు యెరిగినవాణ్ణి, నాకేం లెక్క అనుకున్నాను. కాని అక్కడివి ఏ.సి.ని నమ్ముకుని కట్టిన కర్ర యిళ్ళు. మధ్యాహ్నానికి ఇల్లు ఇడ్లీపాత్ర అయింది. అక్కయ్య అత్తగారికి యెనభై యేళ్ళు; తడిగుడ్డ నెత్తిన వేసుకుని పడుకున్నారు.

"భయం లేదు, హోమ్ వారంటీ వుంది" అన్నారు బావగారు.

ఇది యింటి యిన్సూరెన్సు కాదు. నిప్పంటుకుంటే, వడగళ్ళు పడితే యిన్సూరెన్సు. వాడగా వాడగా అరిగి ఏ.సి.యో నీళ్ళ హీటరో చెడితే వారంటీ. యేడాదికి యింతని కట్టాలి. చెడినప్పుడు కబురు చేస్తే కంపెనీయే మెకానిక్కును పంపుతుంది. వచ్చినందుకు మళ్ళీ కొంత రుసుం. ఇల్లు అమ్మేవారు కొనేవారికి మొదటి యేడాది వారంటీ కొనివ్వడం అక్కడ పరిపాటి. అక్కయ్యకూ అలాగే అలవాటయింది. అబద్ధమెందుకు, అంతకుముందు ఒకసారి హీటరు బాగుచేసి యిచ్చారట కూడా.

మూడోనాటికి మెకానిక్కు వచ్చాడు. చూశాడు. కంపెనీతో అరగంట ఫోనులో మాట్లాడాడు. "సరిగా శుభ్రం చేయించనందువల్ల చెడింది, మా బాధ్యత లేదు" అని కంపెనీ జవాబు!

ఒప్పందపత్రం నేను తీసుకుని చదివాను. యేళ్ళ తరబడి పిల్లలకు శ్లేష పాఠం చెబుతున్నవాణ్ణి. ఒకే పద్యంలో రామాయణాన్నీ భారతాన్నీ నడిపించిన పింగళి సూరన కూడా ఈ కాగితానికి నమస్కారం పెట్టవలసిందే. మొదటి పేజీలో 'మాది' అన్నదానికి పన్నెండో పేజీలో 'మాది కాదు' అని అర్థం.

నా కోపమంతా మెకానిక్కు మీద చూపబోయాను. అక్కయ్య మాత్రం అతనికి గ్లాసుడు మజ్జిగ యిచ్చింది. తాగి, మెల్లిగా చెప్పాడు. కంపెనీ తనకిచ్చే కూలి బయట దొరికేదాంట్లో సగమైనా వుండదట. చిన్న సామాను వెయ్యాలన్నా వాళ్ళ అనుమతి కావాలి. తను చూసింది చెబుతాడు. పేరు వాళ్ళు పెడతారు. కాదంటే మర్నాటినుంచి పిలుపులుండవు. ఇంటివాళ్ళ తిట్లు మాత్రం తనకే.

"నువ్వు చూసిందేమిటో మాకు రాసిస్తావా?" అంది అక్కయ్య.

అతను కాసేపు తటపటాయించాడు. లోపల ముసలావిడ మూలుగు వినిపించింది. 'లోపల శుభ్రంగానే వుంది. కంప్రెసరు పాతబడి అరిగింది' అని రాసి సంతకం చేశాడు.

ఆ కాగితానికి రెండేళ్ళ సర్వీసు రసీదులు జతచేసి, ఈ కంపెనీలకు లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖకు ఫిర్యాదు చేస్తామని కూడా రాసింది అక్కయ్య. తొమ్మిదో రోజున కంప్రెసరు వచ్చింది. గ్యాసు ఖర్చు మాత్రం మనదేనట.

కంపెనీలన్నీ మోసమని నేననను. ఒక్కసారిగా పెద్ద సొమ్ము తియ్యలేని సంసారికి అది ఆసరాయే. కాని సొమ్ము చెల్లించవలసినవాడే తీర్పరి అయినప్పుడు, ఇంటివాడికీ పనివాడికీ న్యాయం యెక్కణ్ణుంచి వస్తుంది, మీరే చెప్పండి?

ఆ డిసెంబరులో అక్కయ్య ఫోను చేసింది. వారంటీ మానేసిందట. ఆ సొమ్ము నెలనెలా బ్యాంకులో వేస్తోందట. యేది చెడినా ఆ మెకానిక్కునే నేరుగా పిలుస్తోందట.

"మరి కంపెనీవాళ్ళు అతన్ని పిలుస్తున్నారా?" అన్నాను.

"ఆ కాగితం రాసిచ్చాక మళ్ళీ పిలవలేదుట, తమ్ముడూ" అంది.