నాంటేర్‌లో మా అమ్మాయి కాపురం

ఫ్రాన్స్ వీసాకు మేం పెట్టిన కాగితాల్లో మా అమ్మాయి ఉంటున్న అద్దె ఇంటి కొలతలు కూడా ఉన్నాయి. కన్నవాళ్లు వెళ్లి కూతురింట్లో దిగాలంటే అక్కడి మునిసిపల్ ఆఫీసు ముందుగా ఒక పత్రం ఇవ్వాలట. దానికోసం అమ్మాయి తన జీతం చీటీలు, అద్దె ఒప్పందం, ఇల్లు ఎన్ని చదరపు మీటర్లో తెలిపే కాగితం పట్టుకుని వెళ్లి కూర్చుంది. వచ్చేవాళ్లు పడుకోవడానికి చోటుందా, వాళ్లకు తిండి పెట్టే స్తోమత ఉందా అని చూసి మేయరు సంతకం పెడితేనే మనకు దారి. పెద్ద అంబర్‌పేట్‌లోని మా రెండు గదుల ఇంట్లో పెళ్లిళ్ల రోజుల్లో ఎంతమంది దిగినా చాపలు పరిచి సర్దేసేవాళ్లం. మేయరు సంతకం సంగతి విని మా ఆయన చాలాసేపు నవ్వారు. ఆ పత్రానికి తోడు ఒక్కొక్కరికి 30 వేల యూరోల వైద్య బీమా. ఇంతా చేస్తే ఉండనిచ్చేది మహా అయితే 90 రోజులు.

ప్రయాణం గురించి చెప్పేదేమీ లేదు. మా ఊరికి ఉన్న పెద్ద సౌకర్యం ఔటర్ రింగ్ రోడ్డు. విజయవాడ హైవే మీది జంక్షన్‌లో ఎక్కితే సిటీ ట్రాఫిక్ జోలికి పోకుండా నేరుగా శంషాబాద్‌లో దిగుతాం. తర్వాతదంతా కూర్చోవడం, కాళ్లు వాయడం.

నాంటేర్ అంటే పారిస్‌కు పడమట దగ్గర్లోనే ఉన్న పట్నం. మనకు ఎల్బీనగర్ ఎలాగో పారిస్‌కు అది అలాగ. పక్కనే లా దెఫాన్స్ అని అద్దాల మేడల ఆఫీసుల పేట ఉంది. మన పిల్లల్లో సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామంది అక్కడికే ఉద్యోగానికి వెళ్తారు. మా అల్లుడూ అంతే.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి చెప్పిన మొదటి పాఠం: ఏ కొట్లో అడుగు పెట్టినా ముందు 'బోంజూర్' అనాలి, తర్వాతే బేరం. ఇది మర్యాద కోసం చెప్పే మాటే అనుకున్నాను. బేకరీకి ఒంటరిగా వెళ్లినప్పుడు అసలు సంగతి తెలిసింది. కౌంటరు వెనక ఉన్నామె నా ముందున్న ముసలాయనకు రొట్టె చుట్టిచ్చి, చిల్లర లెక్కపెట్టి, కాసేపు కబుర్లాడి, అప్పుడు నా వైపు తిరిగి 'బోంజూర్ మదామ్' అని ఆగింది. నేను తిరిగి అనేదాకా ఆమె చెయ్యి రొట్టెల బుట్ట మీదికి పోలేదు. అన్నాక మొహమంతా నవ్వు. నా వెనక వరుస గుమ్మం దాటి బయటిదాకా ఉంది, అయినా ఒక్కరూ విసుక్కోలేదు. వాళ్ల వంతు వచ్చినప్పుడు వాళ్లూ కబుర్లు చెప్పుకోవచ్చుననే ధీమా కాబోలు.

ఆ పొడవాటి రొట్టె పేరు బాగెట్. ధర ఒక యూరో, ఆపైన కొంచెం. పొయ్యిలోంచి అప్పుడే తీసింది దొరికితే పైన పెళుసుగా, లోపల మెత్తగా ఉంటుంది. కొస విరుచుకుని దారిలోనే తినేయడం అక్కడ తప్పు కాదు, పెద్దవాళ్లూ తింటారు. దీనికి చట్టాలు కూడా ఉన్నాయంటే నమ్మరు. 'సంప్రదాయ రొట్టె' అని అమ్మేదాన్ని ఫ్రిజ్‌లో గడ్డకట్టించకూడదని, నిలవ మందులు కలపకూడదని 1993లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దుకాణం ముందు 'బులాంజెరీ' అని బోర్డు పెట్టాలంటే పిండి కలిపేది, కాల్చేది అక్కడే జరగాలి. 2015 దాకా పారిస్ రొట్టెలవాళ్లు వేసవి సెలవులకు కూడా ఇష్టమొచ్చినట్టు మూసేసి పోవడానికి వీలుండేది కాదు. జనానికి రొట్టె అందాలని వంతులవారీగా సెలవులు ఇచ్చేవాళ్లు. 2022లో బాగెట్ తయారీ విద్యను యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రొట్టె కరువు రాజును దించిన దేశం కాబట్టి ఆ భయం ప్రభుత్వాలకు ఉండే ఉంటుంది. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినదాన్ని, ఇలాంటివి కనబడితే వదలబుద్ధి కాదు.

ఆదివారం అక్కడ పెద్ద దుకాణాలు చాలావరకు మూత. పొద్దున వీధి సంత మాత్రం కళకళలాడుతుంది. గడ్డిఅన్నారం నుంచి మా ఊరి అవతల బాటసింగారానికి మారిన పండ్ల మార్కెట్‌లో నేను బత్తాయి ఒక్కొక్కటీ ఒత్తి చూసుకుని కొంటాను. ఇక్కడా టమాటాల మీద చెయ్యి వేయబోతే అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకోవద్దమ్మా. ఆయనే ఏరి ఇస్తడు."

"కుళ్లినయి ఇస్తే?"

"ఇయ్యడు. కర్బూజా ఇయ్యాల తింటవా, రేపు తింటవా అని అడుగుతడు సూడు."

నిజంగానే అడిగాడు. రేపు పొద్దున్నకు అని అమ్మాయితో చెప్పించాను. కాయను చేతిలో తిప్పి, తొడిమ దగ్గర బొటనవేలు పెట్టి నొక్కి, వాసన చూసి, పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. మర్నాడు కోస్తే సరిగ్గా పండి ఉంది. ఆ తర్వాత నేనూ చేతులు వెనక కట్టుకుని నిలబడడం నేర్చుకున్నాను.

తిండి విషయంలో నాకు మింగుడుపడనిది వాళ్ల వేళలు. మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్లలో పొయ్యి ఆర్పేస్తారు. రెండున్నరకు ఒకచోట లోపలికి వెళ్తే కాఫీ ఇస్తాం గానీ భోజనం రాత్రి ఏడుకే అన్నారు. డబ్బులిస్తామన్నా వండరు! దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ వేళకు దిగినా ఏదో ఒక బండి దగ్గర దోసె పడుతుంది. మనకు అది సౌఖ్యం. ఆ బండి వెనక నిలబడ్డవాడు ఎన్ని గంటలకు ఇంటికి పోతాడో మనం అడగం. వాళ్లు అడిగారు, దాన్ని చట్టం చేశారు. వారానికి 35 గంటల పని, ఏటా అయిదు వారాల జీతంతో కూడిన సెలవు. 1936లో కార్మికులు సమ్మెలు చేసి రెండు వారాల సెలవు సాధించారు, అది పెరుగుతూ 1982కి అయిదు వారాలైంది. ఆగస్టులో మా అల్లుడికి ఆఫీసు నుంచి ఒక్క ఫోనూ రాలేదు. మా కాలనీలో సాఫ్ట్‌వేర్ పిల్లలు అమెరికా వేళలకు మేలుకుని కళ్లు పీక్కుపోయి తిరుగుతుంటారు. జీతం తక్కువైనా సరే, ఈ బతుకే మేలని నా తీర్పు. అల్లుడి తండ్రిగారు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

గోంగూర సంగతి చెప్పకపోతే ఈ యాత్ర పూర్తికాదు. కందిపప్పు, చింతపండు, ఇంగువ కోసం మనవాళ్లు వెళ్లేది గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షాపెల్ వీధులకు. అవి శ్రీలంక తమిళుల కొట్లు. 1983 అల్లర్ల తర్వాత ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లు కట్టుకున్న బజారు అది. కానీ గోంగూర కోసం అమ్మాయి నన్ను అక్కడ దింపలేదు. అదే మెట్రోలో ముందుకు తీసుకుపోయి షాతో రూజ్ అనే స్టేషన్‌లో దింపింది. మెట్లెక్కి బయటికి వస్తే అంతా ఆఫ్రికా. పువ్వుల గౌన్ల ఆడవాళ్లు, ఎండుచేపల వాసన, నా చెయ్యంత పొడుగు కందగడ్డలు. ఒకామె పెట్టె మీద ఎర్ర కాడల గోంగూర కట్టలు! సెనెగల్ వాళ్లు ఆ మొక్క కాయల మీది ఎర్ర రేకులతో 'బిసాప్' అనే షర్బతు కాస్తారు, ఆకుతో కూర వండుకుంటారు. నేను ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. ఆమె నన్ను చూసి నవ్వి, తనూ ఒకటి నోట్లో వేసుకుంది. బేరం ఆడాను, ఒక కట్ట కొసరు కూడా సంపాదించాను. ఆ సంతలో 'ముట్టుకోవద్దు' అనేవాళ్లు లేరు. ఆ సాయంత్రం పప్పు ఉడికేసరికి ఎదురింటి ఫ్రెంచావిడ తలుపు తట్టి ఏం వండుతున్నారని అడిగింది. అన్నాళ్లలో ఆ మెట్ల వరుసలో ఎవరైనా చెప్పకుండా వచ్చి తలుపు తట్టడం అదొక్కసారే. వాళ్ల ఊళ్లో లోపం ఏదైనా ఉందంటే ఇదే. చుట్టరికమైనా స్నేహమైనా ముందు తేదీ అనుకోవాలి.

వినాయక చవితి రోజులకు దగ్గరగా, ఆగస్టు ఆఖరున, మాణిక్క వినాయకర్ రథోత్సవం చూశాం. తమిళులు 1985లో పెట్టుకున్న, ఇప్పుడు పజోల్ వీధిలో ఉన్న గుడి అది. రథం లాగుతుంటే రోడ్డు మీద గుట్టలుగా పోసిన కొబ్బరికాయలు పగలగొడతారు. ఆ నీళ్లకు తారు రోడ్డు తడిసి జారుతుంటుంది. పోలీసులు బూట్లు తడవకుండా ఒక పక్కకు జరిగి నిలబడ్డారు. ఆదివారం నిద్రలేచిన పారిస్ వాళ్లు కిటికీల్లోంచి ఫోటోలు తీసుకుంటున్నారు. ఖైరతాబాద్ ఎక్కడ, ఇదెక్కడ! అయినా మా ఆయన పగిలిన చిప్ప ఒకటి ఏరుకుని కళ్లకద్దుకున్నారు.

ఐఫిల్ టవర్ చూశాం. అందరూ చూసేదే. నేను పట్టుబట్టి వెళ్లింది తూర్నోన్ వీధికి. లక్సెంబర్గ్ తోట అంచున ఉన్న సెనేట్ భవనం దాకా పోయే చిన్న వీధి. అక్కడ మహమ్మద్ హమీదుల్లా గారు ఉండేవారు. 1908లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన పండితుడు. 1948లో నిజాం తరఫున ఐక్యరాజ్య సమితికి మొరపెట్టుకోవడానికి వెళ్లిన బృందంలో ఉన్నారు. భద్రతా మండలి అప్పుడు పారిస్‌లోనే కూర్చుంది. పోలీసు చర్యతో సంస్థానం పోయింది, ఆయన అక్కడే ఆగిపోయారు. ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చారు, 1959లో అచ్చయింది. ఇంచుమించు అర్ధశతాబ్దం పారిస్‌లో ఉండీ ఫ్రెంచి పౌరసత్వం తీసుకోలేదు, శరణార్థి కాగితాలతోనే గడిపారు. 1996లో ఒంట్లో బాగోక అమెరికాలో బంధువుల దగ్గరికి వెళ్లి, 2002లో అక్కడే పోయారు. మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన చిత్రకారుడు కృష్ణారెడ్డి కూడా ఈ నగరంలోనే 'అతెలియే 17' అనే ముద్రణశాలలో పనిచేసి, ఒకే రేకు మీద అనేక రంగులు అచ్చువేసే పద్ధతితో పేరు తెచ్చుకున్నారు.

హమీదుల్లా గారి కథ విన్నాక మా అల్లుడు "అంటే ఇటు నుంచి అటు వచ్చినోళ్లే గానీ, అటు నుంచి మన దిక్కు ఎవరూ రాలేదా అత్తమ్మా?" అన్నాడు. మెట్రోలో రోజూ మూసారాంబాగ్ స్టేషన్ దాటి కాలేజీకి పోయిన పిల్లవాడు అడగాల్సిన ప్రశ్నా ఇది! 1775లో పాండిచ్చేరికి సరుకులు అమ్ముకోవడానికి వచ్చిన ఫ్రెంచివాడు రేమండ్. 1786లో నిజాం అలీఖాన్ కొలువులో చేరి వేలమంది సైన్యాన్ని నిలబెట్టాడు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించాడు. 1798 మార్చిలో చనిపోతే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి చేశారు. హిందువులు మూసా రామ్ అన్నారు, ముస్లింలు మూసా రహీమ్ అన్నారు, ఏటా దీపాలు పెట్టారు. అతను పోయిన ఏడు నెలలకే ఇంగ్లీషువాళ్లు అతని సైన్యాన్ని రద్దు చేయించారు. పేరును మాత్రం పేట నుంచి తీసేయలేకపోయారు. అతన్ని మన దగ్గర ఇంటి కొలతలు అడిగినవాళ్లు లేరు.

ఆ మాటకొస్తే అమ్మాయి ఇంట్లో అన్నిటికన్నా ముద్దుగా చూసుకునేది కాగితాల పెట్టె. నెలనెలా వచ్చే జీతం చీటీ అడుగున 'దీన్ని కాలపరిమితి లేకుండా భద్రపరచుకోండి' అని అచ్చు వేసి ఉంటుంది. పింఛను రోజున అడుగుతారట. ఇల్లు అద్దెకు కావాలంటే మూడు నెలల చీటీలు, జీతం అద్దెకు మూడింతలు ఉన్నట్టు రుజువు. ఏ పనికైనా మూడు నెలలు దాటని కరెంటు బిల్లు. వీటన్నిటికీ పైన పుట్టినతేదీ ధ్రువపత్రం. వైద్య బీమా నంబరు పక్కాగా రావాలంటే అది ఉండాలి, అందులో తల్లిదండ్రుల పేర్లుండాలి. పదో తరగతి మెమో చూపిస్తే వాళ్లకు అర్థమే కాదు. మా అమ్మాయి పత్రంలో పేరు గడి ఖాళీ. ఆస్పత్రిలో పుట్టిన వారానికి నమోదు చేశారు, మనం పేరు పెట్టింది ఇరవై ఒకటో రోజున. దాన్ని సరిచేయించడానికి ఇక్కడ మా ఆయన ఒక ఆఫీసు చుట్టూ తిరిగిన తిరుగుడు ఆయనకే తెలుసు. అన్నాళ్లూ అమ్మాయి జబ్బుపడితే ముందు చేతి డబ్బు పెట్టుకుంది. వైద్యం మాత్రం నిండు మర్యాదగా చేస్తారు. డాక్టరే స్వయంగా వెయిటింగ్ గదిలోకి వచ్చి, పేరు పిలిచి, చెయ్యి కలిపి లోపలికి తీసుకుపోతాడు.

కాబట్టి హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ నుంచి పిల్లల్ని ఫ్రాన్స్ పంపే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. పచ్చళ్ల డబ్బాలు తర్వాత కట్టొచ్చు. ముందు పుట్టినతేదీ పత్రం బయటికి తీసి పేరు గడి చూడండి. ఖాళీగా ఉంటే ఈ వారమే మునిసిపల్ ఆఫీసులో రాయించండి, ఆ తర్వాత దాని మీద విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించి పిల్లల చేతికివ్వండి.