కరణదోషమా? కర్తృదోషమా?

చెట్టుకొమ్మపై ఉన్న పక్షి కన్నును మాత్రమే చూచిన అర్జునుని వృత్తాంతం ప్రవచనాలలో తరచుగా వినబడుతుంది. ద్రోణాచార్యుడు కృత్రిమ పక్షిని కొమ్మకు కట్టించటం, శిష్యులను ఒక్కొక్కరిని పిలిచి ఏమి కనబడుచున్నదని ప్రశ్నించటం, అందరూ చెట్టునూ ఆకులనూ అన్నదమ్ములనూ చెప్పటం, చివరకు సవ్యసాచి ఒక్కడే లక్ష్యాన్ని తప్ప వేరేదీ చూడకపోవటం ఆబాలగోపాలానికీ తెలిసినదే. ‘ఏకాగ్రత’ అనే ఒక్క పదంతో ఆ ప్రవచనం ముగుస్తుంది. కాని ఆ పరీక్షలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. ఆ ధనుస్సు నారి బిగువుగా ఉన్నదా? బాణం వంకర లేనిదేనా? ఆచార్యుని ఆయుధశాలలో అవన్నీ ముందే పరీక్షింపబడి ఉంటాయి గనుక కథ వాటిని ప్రస్తావించలేదు. కథ ప్రస్తావించనిది అసలు లేనేలేదని భావించటమే మన లోకపు అలవాటు. బాలుడు పరీక్ష తప్పినా, గురి తప్పినా, మంత్రంలో స్వరం తప్పినా, మొదట వినబడే మాట ‘నీకు మనస్సు నిలవటంలేదు’ అన్నదే.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం ఈ తొందరపాటుకు అవకాశం ఇవ్వదు. ఏ కర్మ సిద్ధించటానికైనా ఐదు కారణాలు కలిసి రావాలని భగవానుడు అక్కడ ఉపదేశించాడు: అధిష్ఠానం, కర్త, కరణాలు, నానావిధ చేష్టలు, ఐదవదిగా దైవం. అధిష్ఠానమంటే శరీరమని శంకర భగవత్పాదుల వ్యాఖ్యానం. నిలిచే చోటు, ఆధారం అనే సామాన్యార్థం కూడ ఆ పదానికి ఉన్నదే. ఇన్ని ఉండగా తానొక్కడే కర్తనని తలచేవానికి సరియైన దృష్టి లేదని కూడ అక్కడే చెప్పబడింది. ఈ ఉపదేశాన్ని విజయగర్వానికి విరుగుడుగా మాత్రమే బోధించటం పరిపాటి. అపజయంలో కూడ ఇది అంతే సత్యం. ‘అంతా నా దోషమే’ అనుకోవటం వినయంలా కనబడుతుంది గాని, అదీ కర్తృత్వభ్రమయే. ఇతరుల విషయంలో ‘అంతా నీ దోషమే’ అనటం మరింత దారుణం.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ క్రీడ ఈ పంచకారణ విచారానికి ప్రత్యక్ష వ్యాఖ్యానం వంటిది. 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్, పది మీటర్ల దూరం, లక్ష్య మధ్యంలో అర మిల్లీమీటరు వ్యాసం గల చుక్క. పెల్లెట్ కేంద్రం నుండి పావు మిల్లీమీటరు తొలగినప్పుడల్లా పాయింటులో పదవవంతు పోతుంది. అత్యుత్తమ ప్రహారానికి 10.9. అరవై ప్రహారాలకు పూర్ణసంఖ్య 654. ఇంతటి సూక్ష్మత గల చోట ఏ కారణంలో లోపం ఉన్నా ఫలంలో తెలిసిపోతుంది. ఏ కారణంలో ఉన్నదో మాత్రం తెలియదు.

అభినవ్ బింద్రా వృత్తాంతాన్ని ఈ దృష్టితో చూడాలి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆయన అర్హత పోటీలో 597 సాధించి, అంతిమ పోటీలో ఏడవ స్థానానికి జారిపోయాడు. లోకం యథాప్రకారం మనోదౌర్బల్యమని తేల్చింది. ఆయన నిలిచిన చోట నేలపలక వదులుగా ఉండి కదిలిందని తరువాత తెలిసింది. దోషం అధిష్ఠానంలో ఉంది, అపవాదు కర్తకు వచ్చింది. 2008 బీజింగ్‌లో అంతిమ పోటీకి ముందు సరిచూసుకొనే ప్రహారాలలో పెల్లెట్ పది దగ్గర పడవలసింది నాలుగు దగ్గర పడింది. సైట్ తప్పిపోయి ఉంది. అది ఎలా తప్పిందన్న చర్చను ఆ క్షణంలో ఆయన పెట్టుకోలేదు. క్లిక్కులు లెక్కించి సరిదిద్దుకొన్నాడు. 700.5తో స్వర్ణం. చివరి ప్రహారం 10.8. 2016 రియోలో అంతిమ పోటీకి ముందు రైఫిల్ క్రిందపడి సైట్ విరిగింది, స్థానం నాలుగవదైంది. మూడు ఒలింపిక్స్‌లోనూ మనిషి ఒక్కడే. ఆ ఫలితాలను మనోనిగ్రహం ఒక్కదానితో వివరించబోయేవారు ఏమి చెప్పగలరు?

విశాఖపట్టణంలో, ఉక్కునగరంలో నివసించే ఒక బాలిక కథ ఇంతటి కీర్తి గలది కాదు. పదహారేండ్ల ఆ అమ్మాయి మూడేండ్లుగా ఈ సాధనలో ఉన్నది. తండ్రి ఉక్కు కర్మాగారంలో మాపన పరికరాల విభాగంలో ఉద్యోగి. భాద్రపద మాసంలో, వర్షాలు ఎడతెగక పడుతున్న దినాలలో, ఆమె గుళ్ళు అకస్మాత్తుగా పైకి పోవటం ఆరంభించాయి. అన్నీ కాదు, పదింటిలో రెండో మూడో. సైట్ దించితే మిగిలినవి క్రిందికి దిగిపోయేవి. రాష్ట్రస్థాయి పోటీకి నెల కూడ లేదు.

శిక్షకుడు అనుభవజ్ఞుడే. రెండు దినాలు వెనుక నిలిచి గమనించి ఒక నిజాన్ని కనిపెట్టాడు: అమ్మాయి ఎక్కువసేపు సంశయించి, రైఫిల్ దించి, మరల ఎత్తి కాల్చిన గుళ్ళే పైకి పోతున్నాయి. వెంటవెంట కాల్చినవి మధ్యలోనే పడుతున్నాయి. కావున తీర్పు స్పష్టమైంది. సంశయమే కారణం, మనస్సు చలిస్తోంది, ధ్యానం చేయాలి. అమ్మాయి ధ్యానం చేసింది. పైకి పోయే గుళ్ళు తగ్గలేదు. తనలో ఏదో భ్రష్టమైపోయిందనే భయం మాత్రం పెరిగింది. ఆహారం తగ్గింది, నిద్ర తగ్గింది. పోటీకి పేరు ఉపసంహరించుకొంటానని ఒక రాత్రి ఇంట్లో చెప్పింది.

ధ్యానాన్ని చికిత్సగా విధించటంలో తప్పు లేదు. రోగనిర్ణయం కాకుండానే విధించటం తప్పు. నాడి చూడకుండా ఔషధం ఇచ్చే వైద్యుని ఎవరూ మెచ్చుకోరు గదా.

తండ్రి మొదట సులభమైనవాటిని చూశాడు. రైఫిల్ చట్రాన్ని బ్యారెల్ భాగంతో కలిపే మరలు బిగువుగానే ఉన్నాయి. సైట్ కదలటం లేదు. బ్యారెల్‌లో సీసపు మురికి కొంత ఉంటే శుభ్రం చేయించాడు, ఫలం మారలేదు. పెల్లెట్ల డబ్బా సముద్రపు గాలికి మూత తెరిచి ఉండటం వల్ల కొన్నింటిపై తెల్లని పొడి కనబడింది. క్రొత్త డబ్బా తెప్పించాడు. అప్పుడూ అంతే. ఇంతవరకు ఎవరైనా చేసే పని. తరువాత చేసినది తర్కశాస్త్రం చదివినవారు మెచ్చే పని. కార్యకారణ సంబంధాన్ని అన్వయ వ్యతిరేకాల చేత నిశ్చయించాలని నైయాయికులు అంటారు: ఇది ఉంటే అది ఉండాలి, ఇది లేకపోతే అది లేకుండా పోవాలి. శిక్షకుడు గమనించినది అన్వయం మాత్రమే. సంశయం ఉన్నప్పుడు దోషం ఉన్నది. సంశయించే కర్తను తొలగించి చూచినవారు లేరు.

తండ్రి కర్తను తొలగించాడు. బరువైన బల్లకు వైస్ బిగించి, దానిలో తోలు పొరల మధ్య రైఫిల్‌ను కదలకుండ నిలిపాడు. ఇరవై సెకండ్లకు ఒకటి చొప్పున పది గుళ్ళు. తరువాత ఒక్కొక్క గుండుకు మధ్య మూడు నిమిషాలు ఆగి మరొక పది.

‘నాన్నా, గురువుగారు అన్నది నిజమే గదా, ఆలస్యమైనప్పుడే పైకి పోతున్నాయి. ఇంక ఇదంతా ఎందుకు?’ అని అమ్మాయి నిస్పృహతో అడిగింది.

‘ఆలస్యమైనప్పుడు మారేది నువ్వొక్కతివేనని ఎవరన్నారమ్మా?’ అన్నాడు తండ్రి.

కాగితాలు రెండూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, మొదటి పదీ దాదాపు ఒకే రంధ్రం. రెండవ పదీ దానికి మిల్లీమీటరున్నర పైన మరొక రంధ్రం. సంశయించటానికి అక్కడ మనస్సే లేదు. సంశయం లేకపోయినా దోషం ఉన్నది. వ్యతిరేకం భంగమైంది.

కారణం ఇది. ఈ రైఫిల్‌కు అమర్చిన సిలిండర్‌లో సుమారు 200 బార్ల ఒత్తిడితో గాలి నిండి ఉంటుంది. ఆ గాలి సూటిగా పెల్లెట్ వెనుకకు వస్తే సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ వేగం మారిపోతుంది. కావున మధ్యలో రెగ్యులేటర్ అనే ద్వారపాలకుడు ఉంటాడు. ప్రతి ప్రహారానికీ సమానమైన, తక్కువ ఒత్తిడి గల గాలిని చిన్న గదిలోకి వదలి తలుపు మూసివేయటం అతని విధి. ఆ తలుపు సీలు దెబ్బతింటే గాలి కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. వెంటనే కాల్చితే గదిలో ఉండవలసినంతే ఉంటుంది, ఆగినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అరువు తెచ్చిన క్రోనోగ్రాఫ్‌తో కొలిస్తే మొదటి వరుస గుళ్ళ వేగం సెకండుకు 172 మీటర్లు, ఆగి కాల్చినవాటిది 180. పది మీటర్లు పోయేలోగా భూమ్యాకర్షణ చేత పెల్లెట్ సుమారు పదిహేడు మిల్లీమీటర్లు క్రిందికి దిగుతుంది. వేగం అంత పెరిగితే ఆ దిగుడు మిల్లీమీటరున్నర తగ్గుతుంది. అంటే గుండు అంత పైన పడుతుంది, పాయింటులో ఆరు పదవవంతులు పోతాయి. లెక్క, కాగితం ఏకవాక్యతకు వచ్చాయి.

రెగ్యులేటర్‌ను ఇంట్లో విప్పలేదు. ఒత్తిడి గల సిలిండర్‌తో అటువంటి సాహసం ఎవరూ చేయరాదు. నిపుణుని వద్దకు పంపితే, లోపల తేమ చేరి లోహం మచ్చలు పడి, సీలు గరుకెక్కి ఉన్నదని తెలిసింది. తేమ ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానం తండ్రి ఉద్యోగంలోనే ఉంది. ఉక్కు కర్మాగారం వంటి చోట్ల పరికరాలను నడిపే గాలిని ‘ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్’ అంటారు. దానిని డ్రయ్యర్లలో ఆరబెట్టి గాని పంపరు. గాలిని ఒత్తితే దానిలోని ఆవిరి నీరవుతుంది. ఆ నీరు సూక్ష్మమైన కవాటాలను తినివేస్తుంది. గోదావరి, కృష్ణ అనే పుణ్యనదుల పేర్లు గల బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్న ఆ కర్మాగారంలో మాపన పరికరాల నడుమ పనిచేసేవానికి ఇది అక్షరాభ్యాసం వంటి పాఠం. ఆ వర్షాకాలంలో అమ్మాయి సిలిండర్ నింపించిన చోట కంప్రెసర్‌లో తేమను పీల్చే ఫిల్టర్‌ను చాలాకాలంగా మార్చలేదు. విశాఖ తీరపు గాలి వర్షర్తువులో ఎంత తడిగా ఉంటుందో అక్కడి వారికి చెప్పనక్కరలేదు.

శిక్షకుని నిందించటం అన్యాయం. ఆయన గమనించినది నిజమే, ఊహించినదే తప్పు. తండ్రి కాగితాలు తీసుకొని వెళ్ళి చూపినప్పుడు ఆయన చాలాసేపు వాటినే చూస్తూ కూర్చొని, తరువాత అమ్మాయిని పిలిచి, ‘తల్లీ, పదిహేను దినాలు నిన్ను అకారణంగా బాధపెట్టాను’ అన్నాడట. శిష్యురాలి ముందు అట్లా అనగలిగిన గురువులు అరుదు.

ఇక్కడ మరొక ప్రమాదం ఉంది, దానిని దాచరాదు. ఒకసారి కరణంలో దోషం దొరికిన సాధకుడు ఆ పిమ్మట ప్రతి వైఫల్యానికీ కరణాన్నే వెదకటం మొదలుపెడతాడు. పెల్లెట్లు మారుస్తాడు, మరలు బిగిస్తాడు, వదులు చేస్తాడు, ట్రిగ్గర్ బరువు మారుస్తాడు. ఒకేసారి నాలుగు మార్చటం వల్ల ఏది దేనికి కారణమో ఎన్నటికీ తెలియదు. ఏకాగ్రత లేదని అందరినీ దండించేవారు ఒక వర్గం, ఏకాగ్రత అనే విషయాన్నే మరచి పనిముట్లు కొనేవారు మరొక వర్గం. రెండవవారికి ఖర్చు ఎక్కువ. వైస్ ఇద్దరికీ సమాధానం చెబుతుంది. దానిలో బిగించినప్పుడు గుళ్ళు చెదిరితే దోషం పరికరానిది. దానిలో ఒకే రంధ్రమై, చేతిలో చెదిరితే దోషం ఎవరిదో అడగనక్కరలేదు.

గుళ్ళన్నీ ఒక్కచోట గుమిగూడి కేంద్రానికి దూరంగా పడితే అది పెద్ద దోషమే కాదన్న మాట కూడ చెప్పుకోవాలి. 1933లో ఆరంభమైన విశాఖ నౌకాశ్రయానికి వచ్చే నౌకలలో అయస్కాంత దిక్సూచి పక్కన ఒక పట్టిక ఉంటుంది, ఏ దిశలో ఆ సూచి ఎంత తప్పు చూపుతుందో దానిలో వ్రాసి ఉంటుంది. తెలిసిన తప్పుతో నావికుడు సముద్రం దాటుతాడు. రైఫిల్‌లోనూ అంతే, స్థిరమైన తప్పును నాలుగు క్లిక్కులు తీర్చుతాయి. భయపెట్టేది అస్థిరమైన తప్పే. ఆ అమ్మాయిని భయపెట్టినదీ అదే.

ఐదవ కారణాన్ని ఏ వైస్ పట్టదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2008 బీజింగ్‌లో 595 సాధించాడు. అదే సంఖ్య సాధించిన ఇతరులతో కౌంట్‌బ్యాక్‌లో వెనుకబడి అంతిమ పోటీకి దూరమయ్యాడు. అక్కడ మరమ్మతు చేయవలసిన మర ఏదీ లేదు. 2012 జూలై 30న లండన్‌లో 701.1తో కాంస్యం పొందాడు.

ఉక్కునగరపు అమ్మాయి రైఫిల్ క్రొత్త సీలుతో తిరిగి వచ్చింది. వైస్‌లో ఇరవై సెకండ్ల గుళ్ళూ మూడు నిమిషాల గుళ్ళూ ఇప్పుడు ఒకే రంధ్రం. ఆమె అభ్యాసపుస్తకంలో రెండు క్రొత్త గడులు చేరాయి: ప్రతి గుండుకు ముందు ఆగిన సెకండ్లు, సిలిండర్ నింపిన తేదీ, స్థలం. పైకి పోయే గుళ్ళు ఆగిపోయాయి. ఐతే కుడివైపు కొద్దిగా తొలగే గుళ్ళు పదింటిలో ఒకటి వంతున ఇంకా ఉన్నాయి. అవి మునుపూ ఉన్నవే, పైకి పోయేవాటి సందడిలో కనబడలేదు. వైస్‌లో అవి లేవు. ట్రిగ్గర్ మీది వేలు సూటిగా వెనుకకు రావటంలేదని గురువుగారు అంటున్నారు, ఈసారి కాగితాలు రెండూ చూచిన తరువాతే.