చిత్రిక మిషన్‌కు మూడు ఫేజులు

ఇంటి వెనక రేకుల షెడ్డులో చిత్రిక మిషన్, కట్టరు పెట్టుకున్న వడ్రంగిని త్రీ ఫేజ్ సర్వీసు తీసుకోమంటే ‘నాకంత కరెంటు దేనికండీ?’ అంటాడు. నిజమే, రోజుకు రెండు మూడు గంటలు తిరిగే మోటారుకు యూనిట్లు పెద్దగా కాలవు. త్రీ ఫేజ్ వస్తే బిల్లు తగ్గుతుందని చెప్పేవాళ్లనూ నమ్మనక్కర్లేదు. అంతే పనికి ఇంచుమించు అన్నే యూనిట్లు. అసలు లాభం మోటారు లేచే ఆ కొద్ది క్షణాల్లో ఉంది. 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు పూర్తి లోడు మీద సుమారు 15 ఆంపియర్లు లాగుతుంది. స్విచ్ వేశాక వేగం అందుకునేదాకా దానికి అయిదారు రెట్లు కావాలి. ఆ దెబ్బకి ఇంట్లో బల్బులు మసకబారతాయి. సర్వీసు వైరు సన్నదై, స్తంభం దూరమైతే వోల్టేజి పడిపోయి మోటారు లేవలేక మూలుగుతుంది. మూలిగినంతసేపూ వైండింగ్ కాగుతూనే ఉంటుంది. అదే 3 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారుకు 415 వోల్టుల మీద ఒక్కో ఫేజులో 5 ఆంపియర్లకు అటూ ఇటూ చాలు. పైగా సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను లేవలేదు కాబట్టి స్టార్టింగ్ వైండింగ్, కెపాసిటర్, వేగం అందుకోగానే వాటిని తప్పించే స్విచ్ తగిలిస్తారు. పొట్టూ దుమ్మూ రేగే షెడ్డులో తరచూ మొరాయించేవి ఆ స్విచ్, కెపాసిటరే. త్రీ ఫేజ్ మోటారుకు వాటితో పనిలేదు. అది వెనక్కి తిరిగితే ఏవో రెండు ఫేజు వైర్లు అటూ ఇటూ మార్చి బిగిస్తే సరి.

సింగిల్ ఫేజు తీసుకుని మోటారుకు త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ అనే డ్రైవు పెట్టుకుంటే పోదా అని ఈమధ్య చాలామంది అంటున్నారు. మిషన్ ఒక్కటే అయితే పోతుంది, నేనూ అదే చెబుతాను. మోటారును మెల్లగా లేపుతుంది, వేగం తగ్గించి పెంచుకోవచ్చు. కానీ 230 వోల్టులు తీసుకునే మామూలు డ్రైవు 230 వోల్టుల త్రీ ఫేజే ఇస్తుంది, 415 కాదు. అంటే మోటారు వైండింగ్‌లను కలిపే తీరును స్టార్ నుంచి డెల్టాకు మార్చాలి. స్టార్ ముడి లోపలే వేసి, టెర్మినల్ బాక్సులోకి మూడు కొసలే తెచ్చిన మోటారైతే వైండింగ్ షాపుకు మోయక తప్పదు. మిషన్‌కో డ్రైవు కొన్నా చిత్రిక మిషన్, పొట్టు లాగే బ్లోయరు కలిసి తిరిగినప్పుడు ఆ బరువంతా మళ్లీ ఆ ఒక్క ఫేజు మీదే. కాబట్టి షెడ్డులో మిషన్లు ఎన్ని ఉన్నాయని కాదు, ఒకేసారి ఎన్ని తిరుగుతాయో లెక్కేసుకోవాలి.

అసలు భయం ఖర్చు. డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్, నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ, పక్క వీధి దాకా త్రీ ఫేజ్ లైను లేకపోతే స్తంభాల ఎస్టిమేటు. ఆ చివరిది తలకు మించినదైతే వీఎఫ్‌డీతో సరిపెట్టుకోవడమే తెలివి. అంతేగానీ గుట్టుగా ఇంటి మీటరు మీదే నడిపేస్తే ఏమవుతుందనే ఆలోచన మాత్రం దండగమారిది. ఇంటి అవసరానికి ఇచ్చిన కరెంటుతో వ్యాపారం చేస్తే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగమవుతుంది. వర్తించే టారిఫ్‌కు రెండింతలు కట్టాలి. ఆ సంగతి అటుంచినా, షెడ్డు యూనిట్లు ఇంటి యూనిట్లతో కలిసి స్లాబును పైకి నెడతాయి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇల్లయితే ఆ నెల అదీ పోతుంది. షెడ్డుకు విడిగా సర్వీసు అడిగితే రోజులు పడుతుందనే మాటకూ ఇప్పుడు కాగితం మీద జవాబుంది. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం కొత్త కనెక్షన్ మెట్రోల్లో 3 రోజుల్లో, మున్సిపాలిటీల్లో 7, పల్లెల్లో 15 రోజుల్లో ఇవ్వాలి. కొత్త లైను వేయాల్సి వస్తే మాత్రం ఆ గడువు వర్తించదు.

ఒక ఫేజు పోతే మోటారు కాలిపోతుందన్న అభ్యంతరమొక్కటే నాకు బరువైనదనిపిస్తుంది. స్తంభం మీద ఒక ఫ్యూజు ఎగిరినా తిరుగుతున్న మోటారు ఆగదు. మిగతా రెండు ఫేజుల మీద మోతాదుకు మించి లాగుతూ వేడెక్కుతుంది. దీనికి మందు స్టార్టరులోనే ఉంది: మోటారు ఆంపియర్లకు సరిగ్గా తిప్పిపెట్టిన ఓవర్‌లోడ్ రిలే, పక్కన సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్. ఎస్టిమేటు రాయించుకునే రోజే ఈ రెండింటి ధరా అందులో కలుపుకోవాలి.