కొలుక్కుమలైకి జీపు ప్రయాణం

ఏ ఊరు వెళ్ళినా మా ఇంట్లో ఒక పద్ధతుంది. కొండ ఎక్కాలన్నా, పడవ ఎక్కాలన్నా, గుహలో దూరాలన్నా మా వారూ పిల్లలూ వెళతారు. నేను సామాను దగ్గర ఉంటాను. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు. పిల్లలు చిన్నప్పుడు చంకలో బిడ్డ ఉందని ఆగిపోయాను. ఆ తర్వాత మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులొచ్చాయి, ఆవిడకి తోడుగా ఆగిపోయాను. అలా బొర్రా గుహల్ని బయట బెంచీ మీద కూర్చునీ, పాపికొండల్ని రేవులో నిలబడీ చూసినదాన్ని నేను! ఇంటికొచ్చాక ఫోటోలు చూపిస్తారు కదా, అదే మన వంతు అనుకునేదాన్ని.

మొన్న డిసెంబరు సెలవుల్లో అందరం కేరళలోని మున్నార్‌ వెళ్ళాం. రైల్లో ఆలువా దాకా వెళ్ళి దిగితే అక్కడి నుంచి మున్నార్‌ సుమారు 110 కిలోమీటర్లు. ఘాట్‌ రోడ్డు పొడుగునా జలపాతాలూ, మిరియాల తీగలూ. మున్నార్‌లో రెండు రోజులు తిరిగాక అక్కడికి ఓ పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యనెల్లి అనే చిన్న ఊళ్ళో లాడ్జిలో దిగాం. ఎందుకంటే మా అబ్బాయికి కొలుక్కుమలై చూడాలని పట్టుదల.

కొలుక్కుమలై ఏడు వేల అడుగులకు పైన ఉన్న టీ తోట. ప్రపంచంలో బాగా ఎత్తున ఉన్న టీ తోటల్లో అదొకటని చెబుతారు. తమాషా ఏమిటంటే ఆ తోట తమిళనాడులోని తేని జిల్లాలో ఉంది, బండి వెళ్ళే దారి మాత్రం కేరళలోని సూర్యనెల్లి నుంచే. అదీ మామూలు కార్లు ఎక్కే దారి కాదు. నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి అందే జీపులే వెళ్ళాలి, వాటిని అక్కడి డ్రైవర్లే నడపాలి. డ్రైవరే మనకి గైడు కూడా.

ముందురోజు సాయంత్రం జీపు మాట్లాడారు మా వారు. గుండె జబ్బు, నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళూ, గర్భిణీ స్త్రీలూ రావద్దని ముందే చెప్పేశారట. "అమ్మ ఎలాగూ రాలేదు. నువ్వు అమ్మ దగ్గర ఉంటావుగా. మేం ముగ్గురం తెల్లవారుజామున వెళ్ళొస్తాం" అన్నారు మా వారు, అదేదో ఎప్పుడో అనుకున్న సంగతిలా. నేనూ సరేనన్నాను.

మా అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "జీపు మొత్తానికి ఒకటే కిరాయి, నాన్నా. ఆరుగురు కూర్చోవచ్చు. అమ్మ రాకపోతే సీటు ఖాళీగా పోతుంది" అంది.

"మరి నాన్నమ్మో?" అన్నాను నేను.

రగ్గు కప్పుకుని పడుకున్న మా అత్తగారు ముఖం మీద రగ్గు తీసి, "నేనేమైనా ఉయ్యాల్లో పిల్లనా? ఫ్లాస్కులో కాఫీ పోసి, మాత్రలు పక్కన పెట్టి పోవే అమ్మాయ్‌. తెల్లవారుజామున నిద్రపోవడానికి నాకు కాపలా ఎందుకు?" అన్నారు. ఎవ్వరం మాట్లాడలేదు. ఆ సంగతి మాకెవరికీ ఇన్నాళ్ళూ తట్టలేదంటే నమ్ముతారా?

నాలుగు గంటలకు లేచి, కాఫీ ఫ్లాస్కులో పోసి, కింద ఉండే లాడ్జి ఆవిడకి "ఏడు గంటలకి ఒకసారి చూడండమ్మా" అని సైగలతో చెప్పి బయటపడ్డాను. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. చీర మీద స్వెట్టరు, దాని మీద మా వారి పాత కోటు, తలకి మఫ్లరు. నా వేషం చూసి మా అబ్బాయి ఒకటే నవ్వు.

డ్రైవరు పాతికేళ్ళ కుర్రాడు. తమిళంలో కొంత, తెలుగులో కొంత మాట్లాడాడు. మాల వేసుకున్న మన స్వాముల్ని శబరిమలకి తీసుకెళ్ళి నేర్చుకున్నాడట. "అక్కా, మీరు ముందు కూర్చోండి. వెనక కుదుపు ఎక్కువ" అని తన పక్క సీటు నాకిచ్చాడు. మా వారు వెనక్కి వెళ్ళారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ముందు సీటు నాదీ, వెనక సీటు ఆయనదీ కావడం అదే మొదలు!

కొంతదూరం తారు రోడ్డే. టీ తోట మొదలయ్యాక తారు పోయింది, మట్టి పోయింది, చివరికి రాళ్ళే మిగిలాయి. రాళ్ళంటే కంకర కాదు, మన రుబ్బురోలు పొత్రాల్లాంటి బండలు. చీకట్లో దీపాల వెలుగు ఓసారి బండల మీద, ఓసారి ఆకాశం మీద, ఓసారి ఏమీ లేని చోట పడుతోంది. ఆ ఏమీ లేని చోటు లోయ అని తెలిశాక గుండె గొంతులోకొచ్చింది. రెండు చేతులతో ఎదురుగా ఉన్న కమ్మీ పట్టుకుని ఆంజనేయ దండకం మొదలుపెట్టాను.

ఒక మలుపు దగ్గర జీపు ఒక పట్టాన ఎక్కలేదు. వెనక చక్రం గిర్రున తిరిగి రాళ్ళు చిమ్మింది. "ఆపు బాబూ, నేను దిగి నడుస్తా" అన్నాను. అతను నవ్వి, పెద్ద గేరు రాడ్డు పక్కనే ఉన్న చిన్న రాడ్డు లాగాడు. అది వేస్తే ముందు చక్రాలకి కూడా ఇంజను బలం వెళుతుందట. బండి నడక తగ్గుతుంది, లాగే శక్తి పెరుగుతుంది. వెనక చక్రం జారినా ముందు చక్రాలు రాయిని పట్టుకుని పైకి లాగుతాయి. "వేగంగా పోతేనే ప్రమాదం అక్కా. ఇది నడిచినట్టు పోతుంది" అన్నాడు. నిజంగానే జీపు నిండు గర్భిణి మెట్లెక్కినట్టు ఒక్కో బండ మీద కాలు మోపుకుంటూ ఎక్కింది. ఆ తర్వాత దండకం చదవడం మరచిపోయి, అతను ఏ రాయి మీదకి ఏ చక్రం ఎక్కిస్తాడా అని చూడటం మొదలుపెట్టాను. పది పన్నెండు కిలోమీటర్ల దారి, గంటకు పైనే పట్టింది.

పైన జీపు ఆపేసరికి ఇంకా చీకటే. అంచు దాకా వెళ్ళకుండా అందరం ఒకచోట నిలబడ్డాం. ఆరు దాటాక తూర్పున సన్నగా ఎరుపు తేలింది. అప్పుడు కనిపించాయి మబ్బులు, మాకు పైన కాదు, కింద! పాల గిన్నె పొంగి అంచు దాకా వచ్చి ఆగినట్టు లోయంతా తెల్లగా నిండిపోయింది. మధ్యమధ్య కొండ శిఖరాలు దీవుల్లా ఉన్నాయి. పక్కనే నోరు తెరిచిన మృగంలాంటి బండ ఒకటుంది. కొందరు పులి అంటారు, కొందరు సింహం అంటారు. ఒకవైపు 2,640 మీటర్ల మీసపులిమల. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ మబ్బు విడిపోయి, ఎక్కడో కింద తమిళనాడు మైదానం, బోడినాయకనూరు వైపు పొలాలు అగ్గిపెట్టెల్లా కనిపించాయి. పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు. నేను తియ్యలేదు. ఈసారి ఎవరి ఫోటోలూ నాకు అక్కర్లేదనిపించింది.

డ్రైవరబ్బాయి ఒక వాలు చూపించి గొంతు తగ్గించాడు. కింద కురంగణి అనే ఊరు. 2018 మార్చిలో ఆ వాలుల్లో కాలినడకన తిరుగుతున్న వాళ్ళని అడవి మంట చుట్టేసింది. ఇరవై మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో చాలామంది ఆడపిల్లలు. ఎండిన గడ్డికి గాలి తోడైతే మనిషి పరుగు చాలదు. అందుకే అనుమతి లేని దారుల్లోకి ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వరు. ధైర్యం చెయ్యడం వేరు, తెలియని అడవిలోకి దిగడం వేరు.

అక్కడి నుంచి టీ ఫ్యాక్టరీ. 1930ల నాటిది. చెక్క అంతస్తులు, పాతకాలపు యంత్రాలు. టీ ఎలా తయారవుతుందో వరసగా చూపించారు. కోసిన ఆకుని ముందు రాత్రంతా గాలికి వాడుస్తారు. తర్వాత యంత్రంలో నలుపుతారు. నలిగిన ఆకుని తడి గాలిలో పరిచి ఉంచుతారు. దాన్ని పులియబెట్టడం అంటారు గానీ మన ఇడ్లీ పిండి పులిసినట్టు కాదు, కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుందే, అదీ అలాంటిదే. ఆకుపచ్చ రంగు పోయి రాగి రంగు వస్తుంది, వాసన పుడుతుంది. చివర వేడి గాలితో ఆరబెట్టి, జల్లించి రకాలు విడదీస్తారు. నాలుగు కిలోలకు పైగా పచ్చాకు పోస్తే ఒక కిలో టీ వస్తుంది.

మనం ఇంట్లో వాడే రవ్వలాంటి పొడి ఇలా చేసింది కాదు. దాన్ని పళ్ళ యంత్రంలో చిదిమి, చించి, ఉండ కట్టిస్తారు. రంగూ చిక్కదనమూ త్వరగా దిగుతాయి, పాలల్లో మరగబెట్టినా తట్టుకుంటుంది. ఈ ఆకు టీని మాత్రం పొయ్యి మీద మరిగించకూడదు. నీళ్ళు మరిగాక దించి, కప్పుకి ఒక చెంచా ఆకు వేసి, మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలుంచి వడకట్టాలి. పాలు లేకుండా తాగితేనే దాని వాసన తెలుస్తుంది.

బయట తోటలో ఆడవాళ్ళు పనిలోకి దిగారు. నడుముకి ప్లాస్టిక్‌ గుడ్డ చుట్టుకుని, నెత్తి మీంచి వీపుకి సంచి వేలాడదీసుకుని చకచకా ఆకు కోస్తున్నారు. నన్ను చూసి ఒకావిడ "సాప్టీంగళా?" అంది. తిన్నారా అని! ఆ చలిలో, ఆ కొండ మీద కూడా ఆడది ఆడదాన్ని అడిగే మొదటి మాట అదే కదా అనుకున్నాను. నేను దండకం చదువుకుంటూ ఎక్కిన కొండ మీద వాళ్ళు రోజంతా వంగి పనిచేస్తారు. 2015లో మున్నార్‌ టీ తోటల్లో ఇలాంటి ఆడవాళ్ళే యూనియన్‌ నాయకుల్ని కూడా పక్కన పెట్టి, బోనసు కోసం రోడ్డు మీద బైఠాయించి సాధించుకున్నారు. మా పిల్లలకి ఆ సంగతి అక్కడే చెప్పాను.

దిగడం ఎక్కడం కంటే భయమనిపించింది, పగటి వెలుగులో లోయ మొత్తం కనిపిస్తుంది మరి! అయినా అతను బ్రేకు తొక్కింది తక్కువే. చిన్న గేర్లో ఉంచితే ఇంజనే బండిని పట్టి ఆపుతుందట, బ్రేకులు వేడెక్కవట. కింద యాలకుల తోట దగ్గర ఆపి చూపించాడు. యాలకులు చెట్టు పైన కాస్తాయనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. మొదట్లో, నేలను ఆనుకుని సాగే కాడలకి కాస్తాయి! రోజూ పాయసంలో వేసే వస్తువు గురించి నాకు ఆ మాత్రం తెలియదు.

రూముకి వచ్చేసరికి మా అత్తగారు స్నానం చేసి, లాడ్జి ఆవిడ తెచ్చిన ఇడియాప్పం తిని, వరండాలో ఎండకి కూర్చుని ఉన్నారు. నేను కొన్న టీ పెట్టి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "ఇది టీనా, వేడినీళ్ళా?" అన్నారు. తర్వాత దారి ఎలా ఉంది, లోయ ఎంత లోతు, భయపడ్డావా అని ఒక్కొక్కటే అడిగారు. అన్నీ చెప్పాను.

అంతా విని, "పెళ్ళయిన కొత్తలో అహోబిలం వెళ్ళాం. మీ మామయ్యా, వాళ్ళ అన్నదమ్ములూ ఉగ్రస్తంభం ఎక్కి వచ్చారు. నేను కింద సత్రంలో మూటల దగ్గర కూర్చున్నా. పైన ఏముందని అడిగితే, రాళ్ళే ఉన్నాయన్నారు" అన్నారు. కాసేపాగి కప్పు నా వైపు జరిపి, "ఇంకొంచెం పొయ్యి. అలవాటైతే బాగానే ఉంది" అన్నారు.

మీరూ వెళ్ళాలనుకుంటే కొన్ని సంగతులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బావుంటుంది, చలి మాత్రం గట్టిగా ఉంటుంది. వానాకాలంలో జీపు సవారీలను అధికారులు ఆపేస్తుంటారు, బయలుదేరే ముందే కనుక్కోండి. సూర్యోదయం చూడాలంటే జీపు ముందురోజే మాట్లాడుకోవాలి. కడుపు నిండా తిని ఎక్కకండి, రెండు బిస్కెట్లు చాలు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. చీర కంటే చుడీదారు సుఖం. డోకు వచ్చేవాళ్ళు నిమ్మకాయ దగ్గర ఉంచుకోండి. నీలకురింజి పూలు చూడాలంటే మాత్రం పన్నెండేళ్ళకోసారే, 2018లో పూశాయి, మళ్ళీ 2030లో.

మరి సామాను ఎవరు చూస్తారంటారా? రూముకి తాళం వేస్తే సరి!