ఏడేండ్ల ఖాళీ అంటున్నారు



"మధ్యలో ఏడేండ్లు ఏం చేశారు?"

ఈ రెండు నెలల్లో మా చెల్లిని ఈ ప్రశ్న అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. కోచింగ్ సెంటర్‌లో ఫీజు చెప్పే అబ్బాయి అడిగాడు. ఆమెతోపాటు ఎంబీబీఎస్ చదివి ఇప్పుడు కన్సల్టెంట్‌గా ఉన్న క్లాస్‌మేట్ అడిగింది. టీచరుగా రిటైరైన మా వాడ పెద్దాయన కూడా అడిగాడు. అడగంది ఒక్క నీట్ పీజీ నిబంధనల పుస్తకమే.

దాన్ని నేను ముందు నుంచి చివరిదాకా చదివాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నవాడికి తాళపత్రాలు చదివే ఓపిక ఉంటుంది కాబట్టి ఇదీ చదవగలిగాను. ఎంబీబీఎస్ పాసై ఉండాలి. ఇంటర్న్‌షిప్ గడువులోపు పూర్తయి ఉండాలి. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. పై వయసు పరిమితి లేదు. ఇన్నిసార్లే రాయాలన్న లెక్క లేదు. డిగ్రీకీ దరఖాస్తుకీ మధ్య ఎన్నేళ్లు గడిచాయన్న షరతు లేదు. పుస్తకంలో లేని షరతు జనం నోట్లో ఎందుకుంది? ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

మా చెల్లి 2009లో మెడిసిన్‌లో చేరింది. మా అమ్మ బీడీలు చుట్టేది, నాయిన హమాలీ. ఆమెకు సీటొచ్చిన రోజు మా వాడలో ఫ్లెక్సీ కట్టారు, దండలు వేశారు. 2015లో ఇంటర్న్‌షిప్ అయిపోయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా మూడేళ్లు చేసింది. 2018లో నాయిన కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. రాత్రి డ్యూటీలు చేస్తూ, పొద్దున ఆయన్ని మిషను దగ్గరికి తీసుకుపోవడం ఆమెవల్ల కాలేదు. ఎవరివల్లా కాదు. ఆమె మెడికల్ కోడింగ్‌లో చేరింది. అమెరికా రోగుల రికార్డులు చదివి జబ్బుకో నంబరు, చికిత్సకో నంబరు వేసే పని అది. అక్కడి బీమా కంపెనీలు ఆ నంబర్లు చూసే డబ్బు చెల్లిస్తాయి. పని గంటలు ఖాయం. కరోనా వచ్చాక ఇంటినుంచే పని. నాకప్పుడు రీసెర్చ్ ఫెలోషిప్ ఆరు నెలలకోసారి వచ్చేది, వస్తే. ఇల్లు నడిచింది ఆమె జీతంతోనే.

ఈ ఏడేండ్లనే 'గ్యాప్' అంటున్నారు.

ఆ గ్యాప్‌లో ఆమె ఏం చేసిందో నేను చూశాను. డయాలసిస్ సెంటర్ బయట బెంచీ మీద కూర్చునేది. నాయినతో పాటు వచ్చిన వాళ్లంతా రిపోర్టులు తెచ్చి చూపించేవాళ్లు. జబ్బు మనిషిని చూడబోతూ మనవాళ్లు ప్రేమగా కొబ్బరిబోండం తీసుకుపోతారు కదా, కిడ్నీ చెడినవాళ్లకు అందులోని పొటాషియం ప్రాణం మీదికి తెస్తుందని ఒక్కొక్కరికీ చెప్పేది. ఉడికించి నీళ్లు పారబోసిన కూర తినమనేది. నీళ్లు కొలిచి తాగమనేది. చికిత్స రాయలేదు, ఫీజు తీసుకోలేదు. ఆ పనికి అనుభవ ధ్రువపత్రం ఇచ్చేవాళ్లెవరూ లేరు.

ఇక నా సంగతి చూడండి. ఎంఏ అయ్యాక నాలుగేళ్లు ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, తర్వాత పీహెచ్‌డీలో చేరాను. నా ఉద్యోగ ఇంటర్వ్యూలో ఆ నాలుగేళ్లను బోధనానుభవం అన్నారు. ఒకే ఇంట్లో ఇద్దరం ఇంటికోసం చదువు ఆపుకున్నాం. నాది అనుభవమైంది. ఆమెది ఖాళీ అయింది. ఆడబిడ్డ ఇంటికోసం ఖర్చు చేసిన కాలానికి మన భాషలో గౌరవమైన పేరు లేదు.

చదువు మధ్యలో ఆగడం మనకు కొత్తదేమీ కాదు. బాబాసాహెబ్ 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో వెనక్కి రావాల్సి వచ్చింది. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి చదువు పూర్తి చేసుకోవడానికి అక్కడ అనుమతి తెచ్చుకున్నారు. ఇక్కడ బరోడాలో కొలువుకు వెళ్తే అద్దెకు ఇల్లు దొరకలేదు, దిగిన పార్సీ సత్రం నుంచి వెళ్లగొట్టారు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతం కూడబెట్టారు. కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, మిత్రుడు నావల్ భథేనా ఇచ్చిన అప్పు కలుపుకొని 1920లో మళ్లీ ఓడెక్కారు. 1923లో డీఎస్సీ పట్టా వచ్చింది. ఆ మధ్య మూడేళ్లు ఆయనకు చదువు మీద ఆసక్తి పోయిందని ఎవరైనా అంటారా? కులం, డబ్బు కలిసి ఆపిన చదువది. తిరిగి మొదలవడానికి ఆయన పట్టుదలతో పాటు ఇంకో ఇద్దరి డబ్బు కూడా కావాల్సి వచ్చింది. ఈ రెండో ముక్కను మనం జయంతి సభల్లో తక్కువ చెబుతాం.

ఇక రెండో మాట. "మీకేం, రిజర్వేషన్ ఉంది." ఇదీ విన్నాం. అర్హత కటాఫ్ జనరల్‌కు 50 పర్సంటైల్, మనకు 40. అది లైన్లో నిలబడడానికి మాత్రమే. సీటు మన కేటగిరీలో మన ర్యాంకును బట్టే వస్తుంది. 2023లో పీజీ సీట్లు మిగిలిపోతున్నాయని ప్రభుత్వమే అన్ని కేటగిరీలకూ కటాఫ్‌ను సున్నాకు దించింది. మన పది పర్సంటైల్ దగ్గర ప్రాణం పోయే ప్రతిభ, సున్నా దగ్గర డబ్బు కట్టి మేనేజ్‌మెంట్ సీట్లో కూర్చుంటే ఏమీ కాలేదు. ఇంకో సంగతి. పీజీ ఆలిండియా కోటాలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ అమలైంది 2007లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నాకే. మన ముందు తరం డాక్టర్లకు ఆ తలుపు కూడా లేదు.

మూడోది భయం. దీన్ని దాచను. ఆమె ఇప్పుడు చేరితే ముప్పై నాలుగేళ్లకు ఫస్ట్ ఇయర్ పీజీ. తనకంటే చిన్నవాళ్లను సార్, మేడమ్ అనాలి. రెసిడెంట్ల డ్యూటీ వారానికి 48 గంటలు దాటకూడదని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకంలోనే ఉంది. వార్డుల్లో ఆ అంకె తెలిసినవాళ్లు తక్కువ, అమలయ్యేది ఇంకా తక్కువ. 2019 మే నెలలో ముంబైలో గైనకాలజీ పీజీ చదువుతున్న ఆదివాసీ బిడ్డ డాక్టర్ పాయల్ తడ్వీ చనిపోయింది. కులం పేరుతో సీనియర్లు వేధించారని ఆమె కుటుంబం ఫిర్యాదు చేసింది. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో అనస్థీషియా పీజీ మొదటి ఏడాదిలో ఉన్న లంబాడా బిడ్డ డాక్టర్ ప్రీతిని పోగొట్టుకున్నాం. అక్కడా సీనియర్ వేధింపుల ఆరోపణతోనే కేసు. ఈ రెండు పేర్లూ మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర వచ్చాయి. అమ్మకు ప్రీతి పేరు తెలుసు. "చదువు కోసం బిడ్డను పోగొట్టుకుంటామా?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. చెల్లే చెప్పింది: "నేను ఇరవై నాలుగేండ్ల పిల్లను కాదమ్మా. నాయినను నా చేతుల మీద సాగనంపిన. నాతోని ఎవరు ఎట్ల మాట్లాడాల్నో చెప్పగలుగుత."

ఇక అసలు కష్టం. ఏడేండ్లలో వైద్యం ఆగి ఉండలేదు. ఆమె చదివిన రోజుల్లో ప్రభుత్వ పథకంలో టీబీ మందులు వారానికి మూడుసార్లు ఇచ్చేవాళ్లు. 2017 నుంచి దేశమంతా రోజువారీ మాత్రలకు మారారు. ఆ కార్యక్రమం పేరే మారిపోయింది. ఇలాంటివి పంతొమ్మిది సబ్జెక్టుల్లో ఉన్నాయి. పరీక్ష 200 ప్రశ్నలు, 800 మార్కులు, మూడున్నర గంటలు. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. 2024 నుంచి దాన్ని ఐదు భాగాలు చేశారు. భాగానికి 40 ప్రశ్నలు, 42 నిమిషాలు. టైమైపోతే వెనక్కి వెళ్లనివ్వరు. తెలిస్తే చాలదు, రోజూ టెస్టులు రాసి చేయి తిరగాలి. దానికి కావాల్సింది రోజుకు పది గంటలు. అంటే జీతం లేని ఏడాది. ఆ ఏడాది ఎవరు పోషిస్తారన్నదే ఈ దేశంలో పీజీ సీటుకు రాయని అర్హత.

"అన్నా, జబ్బుల పేర్లన్నీ నోటికొస్తయ్. నాయినను తప్ప ఇంకో రోగిని ముట్టి ఏడేండ్లయింది" అంది ఒకరోజు. అందుకని మూడు పనులు పెట్టుకున్నాం. ఈ దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తాయని చెబుతున్నా. ఒకటి, రిజిస్ట్రేషన్. ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, దానికి సీఎంఈ గంటలు చూపించాలి. పరీక్ష నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, కుల ధ్రువపత్రం ఇప్పుడే బయటికి తీసి పేరూ ఇంటిపేరూ అన్నింట్లో ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. రెండు, వార్డు. తెలిసిన ఒక సీనియర్ డాక్టరు అనుమతితో ఆమె వారానికి రెండు పూటలు ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఆయన పక్కన కూర్చుంటోంది. గుండె చప్పుడు వినడం చేతికి తిరిగొచ్చిందని చెప్పింది. మూడు, చదువు. పెద్ద కోచింగ్ ఫీజు కట్టలేదు. ఫోన్లో వీడియో పాఠాలు, రోజుకో టెస్టు, తప్పయిన ప్రశ్నలకు వేరే నోట్‌బుక్.

ఉద్యోగం గత నెలలో మానేసింది. ఏడాదికి నా జీతమే ఆధారం. ర్యాంకు వస్తుందో రాదో తెలియదు. వస్తే జనరల్ మెడిసిన్ చేసి జిల్లా ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు చూడాలని ఉంది ఆమెకు.

మన విద్యార్థులతో, సంఘాలతో ఒక మాట. ఎంబీబీఎస్ సీటొచ్చిన రోజు ఫ్లెక్సీ కడతాం. ఆ ఫ్లెక్సీ చిరిగిపోయాక ఆ బిడ్డ ఎక్కడుందో అడగం. మన వాడల్లో చదువాపి కోడింగ్‌లో, ఇన్సూరెన్స్ ఆఫీసుల్లో, పెళ్లయి అత్తగారింట్లో ఉన్న డాక్టర్లు ఉన్నారు. వాళ్లను వెతుకుదాం. ఫ్లెక్సీ డబ్బులు ఒక గది అద్దెకు ఇద్దాం. స్థిరపడిన డాక్టర్లు వారానికి ఒక పూట మీ ఓపీలో పక్కన కుర్చీ వేయండి. పీజీలో ఉన్నవాళ్లు మీ నోట్సు ఇవ్వండి, చేరబోయే బిడ్డకు ఆ డిపార్ట్‌మెంట్ ఎలాంటిదో నిజం చెప్పండి, వేధింపు మొదలైన రోజే ఫోనెత్తండి.

మీరు ఆ ఆగిపోయిన డాక్టరైతే ఇన్‌బాక్స్‌లో రాయండి. ఏడేండ్లు ఏం చేశారని నేను అడగను. ఏ సబ్జెక్టుతో మొదలుపెట్టారని అడుగుతాను.

జై భీమ్.