107 కార్ల లెక్క

అమెరికా సబర్బుల్లో మసీదు కట్టుకుంటామని ఎవరైనా దరఖాస్తు పెడితే, 'మాకు ముస్లింలు వద్దు' అని మీటింగులో లేచి చెప్పేవాళ్లు చాలా తక్కువ. ట్రాఫిక్ పెరుగుతుందంటారు. వాననీరు పోయే దారుండదంటారు. చెట్లు పోతాయంటారు, ఊరి కళ చెడుతుందంటారు. ఒక్కోటీ విడిగా చూస్తే తప్పుపట్టడానికేమీ ఉండదు. ముప్పై ఏళ్ల అప్పు మీద ఇల్లు కొనుక్కున్న మనిషికి పక్క స్థలంలో ఏం లేవబోతోందో అడిగే హక్కుంది. ఆ హక్కును మనవాళ్లూ బాగానే వాడుకుంటారు. అందుకే ఈ వ్యవహారంలో ఎదుటివాడి మనసులో ద్వేషం ఉందా లేదా అని తవ్వుకుంటూ కూర్చోవడం దండగని నా అభిప్రాయం. మనసులో ఏముందో ఎవరూ రుజువు చేయలేరు. రుజువు చేయగలిగేవి వేరే ఉన్నాయి. చర్చికి ఏ లెక్క వేశారు, మసీదుకు ఏ లెక్క వేశారు? మసీదు దరఖాస్తు వచ్చాక రూలు మారిందా? మారితే, అంతకుముందు చర్చి వచ్చినప్పుడు ఎందుకు మారలేదు? వీటికి జవాబులు టౌన్‌షిప్ కాగితాల్లోనే దొరుకుతాయి.

న్యూజెర్సీలోని బెర్నార్డ్స్ టౌన్‌షిప్ కాగితాలనే తీసుకుందాం. బాస్కింగ్ రిడ్జ్ ఇస్లామిక్ సొసైటీ 2011లో అక్కడి లిబర్టీ కార్నర్‌లో నాలుగెకరాల పైచిలుకు స్థలం కొంది. ప్రార్థనా మందిరాలకు అనుమతి ఉన్న జోన్ చూసుకునే కొన్నారు. సొసైటీ అధ్యక్షుడు మహమ్మద్ అలీ చౌదరి ఆ ఊరికి కొత్తవారేం కాదు. దశాబ్దాలుగా అక్కడే కాపురం ఉంటూ, స్కూల్ బోర్డులో పనిచేసి, 2004లో అదే టౌన్‌షిప్‌కు మేయరుగా ఉన్నవారు. కట్టాలనుకున్నది సుమారు 4,250 చదరపు అడుగుల చిన్న భవనం, 150 మందికి సరిపోయేది. గుమ్మటం పెట్టలేదు, మినార్లను సైతం ఇళ్ల పొగగొట్టాల్లా కనిపించేట్టు గీయించారు. ఊళ్లో కలిసిపోవడానికి అంతకన్నా ఎవరైనా ఏం తగ్గుతారు? 2012 ఏప్రిల్‌లో దరఖాస్తు ఇచ్చారు. మూడున్నరేళ్లలో 39 బహిరంగ విచారణలు జరిగాయి. 2015 డిసెంబరులో ప్లానింగ్ బోర్డు కాదు పొమ్మంది.

ఈ కథకంతటికీ ఆయువుపట్టు పార్కింగ్. ఊరి నిబంధనల ప్రకారం చర్చికి ముగ్గురికి ఒక కారు చోటు ఉంటే సరిపోతుంది. అక్కడి చర్చిలకూ, యూదుల ప్రార్థనా మందిరానికీ ఆ లెక్కే నడిచింది. దాని ప్రకారం 150 మందికి 50 కార్ల చోటు చాలు. మొదట్లో టౌన్‌షిప్ తరఫు నిపుణుడు కూడా అంతే చెప్పారు. తర్వాత ఆ 50 కాస్తా 107 అయింది. ముస్లింలు శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుల నుంచి ఎవరి కారులో వాళ్లు వస్తారు కాబట్టి వాళ్లకు వేరే లెక్క వేయాలన్నది బోర్డు వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆదివారం చర్చికి ఒక్కో కారులో ఎంతమంది వస్తున్నారని బోర్డు ఎన్నడూ వాకబు చేయలేదు. మసీదు విషయంలోనే తలలు లెక్కపెట్టాలనిపించింది. అంతటితో ఆగదు ఈ తిరకాసు. నాలుగెకరాల్లో 50 బదులు 107 కార్లకు తారు పోస్తే నీళ్లింకే నేల తగ్గుతుంది, దానికి డ్రైనేజీ మార్చాలి. చోటు పెంచితే పక్కింటి సరిహద్దుకూ పార్కింగుకూ మధ్య ఉండాల్సిన చెట్ల వరస కుదించుకుపోతుంది. ఒక్క అంకె మారిస్తే మిగతా అభ్యంతరాలన్నీ వాటంతటవే పుట్టుకొస్తాయి. చివరికి దరఖాస్తును కొట్టేసినప్పుడు కాగితం మీద మతం మాటే ఉండదు, డ్రైనేజీ ఉంటుంది. ఈ విచారణలు నడుస్తుండగానే, 2013లో, ప్రార్థనా మందిరానికి కనీసం ఆరెకరాలు కావాలనీ, రాష్ట్ర రహదారి మీదో కౌంటీ రోడ్డు మీదో ఉండాలనీ టౌన్‌షిప్ కొత్త నిబంధన చేసింది. సొసైటీ చేతిలో ఉన్నది నాలుగెకరాలే కదా. అంటే పాత దరఖాస్తు పోతే అదే స్థలంలో కొత్తది పెట్టుకునే దారీ మూసుకుపోయిందన్నమాట.

సొసైటీ 2016 మార్చిలో కోర్టుకెక్కింది. అదే ఏడాది నవంబరులో కేంద్ర న్యాయశాఖ కూడా టౌన్‌షిప్ మీద దావా వేసింది. డిసెంబరు 31న ఫెడరల్ జడ్జి మైకేల్ షిప్ పార్కింగ్ అంశంలో సొసైటీకి అనుకూలంగా తీర్పిచ్చారు. 2017 మే నెలలో టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లకు రాజీపడి, మసీదుకు అనుమతి ఇచ్చింది. ఇదే జడ్జి మూడేళ్ల ముందు, 2013లో, పొరుగునున్న బ్రిడ్జ్‌వాటర్‌కూ బ్రేకు వేశారు. తెలుగువాళ్లకు బ్రిడ్జ్‌వాటర్ అంటే వేంకటేశ్వరస్వామి గుడి. అదే టౌన్‌షిప్‌లో అల్ ఫలా సెంటర్ వాళ్లు 2011లో రెడ్‌వుడ్ ఇన్ అనే పాత బాంక్వెట్ హాలును మసీదుగా మార్చుకోవాలనుకున్నారు. పెళ్లిళ్లూ విందులూ జరిగినంతకాలం ఆ రోడ్డుకేం కాలేదు. నమాజు అనేసరికి మీటింగు హాలు పట్టనంత జనం వచ్చి, మొదటి విచారణే వాయిదా పడింది. రెండు నెలలు తిరక్కుండానే, కొన్ని పెద్ద రోడ్ల మీద తప్ప ప్రార్థనా మందిరాలు కట్టకూడదన్న ఆర్డినెన్సు వచ్చింది. 2014లో ఆ ఊరు వేరే స్థలం ఇచ్చి మరీ రాజీ చేసుకుంది. స్థలం ఖర్చుతో కలిపి 77.5 లక్షల డాలర్లయింది.

రెండూళ్ల ముచ్చటతో దేశం మొత్తానికి తీర్పు చెప్పేస్తారా అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మతసంస్థల స్థలాలకు రక్షణగా 2000లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. పేరు చాంతాడంత ఉంటుంది, లాయర్లు 'ఆర్‌లూపా' అంటారు. రెండు సభల్లోనూ ఒక్క వ్యతిరేక గొంతు లేకుండా పాసయింది. డెమొక్రాట్ కెనెడీ, రిపబ్లికన్ హాచ్ కలిసి తెచ్చిన చట్టమది. ఏ మతసంస్థనూ మరో మతసంస్థ కన్నా, ఆ మాటకొస్తే క్లబ్బూ సినిమా హాలూ లాంటి మతేతర సంస్థల కన్నా, తక్కువగా చూడకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి పెట్టే కొట్టువాడిని పట్టుకోవడం లాంటి పని. ఈ చట్టం కింద న్యాయశాఖ చేపట్టిన స్థల వివాదాల దర్యాప్తుల్లో మసీదులవీ ఇస్లామిక్ స్కూళ్లవీ కలిపి తొలి పదేళ్లలో 15 శాతం, 2010 నుంచి 2016 దాకా 38 శాతం. దేశ జనాభాలో ముస్లింలు ఒక శాతం అటూఇటూ. ట్రాఫికే అసలు బాధైతే, ఆ బాధ ఈ ఒక్క శాతం మీదే ఇంతగా ఎందుకు విరుచుకుపడుతుంది?

ముసుగు తీసేసిన చోట్లూ లేకపోలేదు. టెనెసీలోని మర్‌ఫ్రీస్‌బరోలో 2010లో ఇస్లామిక్ సెంటర్‌కు అనుమతి వస్తే, ఎదిరించినవాళ్లు కోర్టులో ఇస్లాం అసలు మతమే కాదని వాదించారు. ఇస్లాం మతమేనని కేంద్ర న్యాయశాఖ కోర్టుకు లిఖితపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది! ఆ ఆగస్టులో నిర్మాణ స్థలంలోని యంత్రానికి నిప్పుపెట్టారు. ఇంత రభస జరిగినా, చివరికి రాష్ట్ర కోర్టులో అనుమతి చెల్లదనిపించింది మాత్రం పేపర్లో వేసిన మీటింగు నోటీసు చాల్లేదన్న చిన్న పాయింటు. ఫెడరల్ కోర్టు కలగజేసుకున్నాకే 2012 ఆగస్టులో తలుపులు తెరుచుకున్నాయి. మతం కాదన్న పెద్ద వాదన వీగిపోయి, నోటీసన్న చిన్న వాదన పనిచేసిందంటే, బెర్నార్డ్స్‌లో డ్రైనేజీ గురించి ఎందుకంత శ్రద్ధగా మాట్లాడారో అర్థమవుతుంది.

ట్రాఫిక్ గురించి నిజంగానే దిగులుపడేవాళ్లను ద్వేషులంటే ఎలా అన్నది న్యాయమైన అభ్యంతరం. అనకూడదు. చర్చికీ మసీదుకూ ఒకటే లెక్కా అని మొదట్లో పెట్టిన పరీక్షలో మంచిదేమిటంటే, అది ఎవరినీ ఆ మాట అనక్కర్లేకుండా చేస్తుంది. రోడ్డు చాలదా, అయితే చర్చికీ చాలదు, గుడికీ చాలదు, విందు హాలుకూ చాలదు. అందరికీ ఒకటే రూలు పెట్టండి, దరఖాస్తు రాకముందే పెట్టండి. అప్పుడు మసీదు కూడా దానికి కట్టుబడాల్సిందే. మసీదైనంత మాత్రాన ఫైర్ కోడ్‌కూ సెట్‌బ్యాక్‌కూ మినహాయింపు ఇమ్మని ఎవరూ అడగడంలేదు.

రెండోది భద్రత. మసీదు వస్తే తీవ్రవాదం వస్తుందన్న మాట టౌన్‌షిప్ మీటింగుల్లో కన్నా మన వాట్సాప్ గ్రూపుల్లోనే నిస్సంకోచంగా వినిపిస్తుంది. డ్యూక్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2010లో వెలువరించిన అధ్యయనం దీనికి తలకిందులుగా ఉంది. నడిచే మసీదూ, దాని చుట్టూ అల్లుకున్న సమాజమూ యువకులను తీవ్రవాదం వైపు పోనివ్వకుండా ఆపుతున్నాయని వాళ్లు తేల్చారు. అయినా భయానికి అనుభవంతో పనిలేదు. 2009లో స్విట్జర్లాండ్ ఓటర్లలో 57.5 శాతం మంది మినార్లను రాజ్యాంగంలోనే నిషేధించినప్పుడు, దేశం మొత్తానికి ఉన్న మినార్లు నాలుగు.

మూడో అభ్యంతరం మనవాళ్లకు బాగా ఇష్టమైనది: వాళ్ల దేశాల్లో గుడి కట్టుకోనిస్తారా? కొన్నిచోట్ల కట్టనిస్తున్నారు, అబూధాబీలో 2024 ఫిబ్రవరిలో పెద్ద మందిరమే తెరుచుకుంది. కొన్నిచోట్ల కట్టనివ్వడంలేదు. 2020లో ఇస్లామాబాద్‌లో హిందువులు కృష్ణుడి గుడికి ప్రహరీ మొదలుపెడితే మతపెద్దలు గొడవచేశారు, నగర అభివృద్ధి సంస్థ వచ్చి పని ఆపించింది. ఏ కారణం చూపి? బిల్డింగ్ ప్లాన్ ఆమోదం లేదని! లిబర్టీ కార్నర్‌లో డ్రైనేజీ, ఇస్లామాబాద్‌లో ప్లాన్ అప్రూవల్. అక్కడి హిందువుకు జరిగింది అన్యాయమని మనం గుర్తుపట్టింది ఎలా? కాగితం వెనక ఉన్నది కనిపించే కదా. అదే కన్ను ఇక్కడ ఎందుకు మూసుకోవాలి? పైగా బాస్కింగ్ రిడ్జ్‌లో ఓటేసి పన్ను కట్టే మనిషి పాకిస్తాన్ ప్రభుత్వానికి జామీను ఉండడు. ఇక్కడి మసీదులకొచ్చే 'వాళ్ల'లో మన హైదరాబాదీలు తక్కువేం కాదు. వాళ్ల దేశమేదని అడిగితే మన దేశం పేరే చెప్పాలి.

మనం దీన్ని పట్టించుకోవాలనడానికి కొందరు శ్రీనివాస్ కూచిభొట్ల పేరు చెబుతారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో ఆయన్ను కాల్చి చంపినవాడు, ఆయన ఇరానీ అనుకున్నాడు. చూశారా, ఆ ద్వేషం మనదాకా వస్తుంది అంటారు. వస్తుంది, నిజమే. కానీ ఆ వాదన నాకు మింగుడుపడదు. గురి తప్పింది కాబట్టి తప్పంటే, గురి కుదిరితే పర్వాలేదనే అర్థం వస్తుంది. ఇరానీ అయితే మాత్రం ఎందుకు కాల్చాలి?

అంతకన్నా గట్టి కారణం మన గుళ్ల పునాదుల్లోనే ఉంది. కాలిఫోర్నియాలోని యూబా సిటీలో గురుద్వారా కోసం సిక్కులు పెట్టుకున్న మొదటి దరఖాస్తు ట్రాఫిక్, రణగొణ అన్న ఇరుగుపొరుగు మాటలతో పోయింది. ఊరికి దూరంగా పొలం కొంటే, ఊరికి మరీ దూరమంటూ సట్టర్ కౌంటీ అదీ కాదంది. 2006లో అప్పీళ్ల కోర్టు 'ఆర్‌లూపా' కిందే కౌంటీది తప్పంది. ఆ తీర్పు గుడివాళ్లకూ మసీదువాళ్లకూ సమానంగా పనికొస్తుంది. చిన జీయర్ స్వామి సంకల్పంతో టెక్సస్‌లోని షుగర్ ల్యాండ్ అష్టలక్ష్మి గుడిలో 2024 ఆగస్టులో 90 అడుగుల హనుమంతుణ్ని నిలబెడితే, మరుసటి ఏడు సెనేట్‌కు పోటీచేస్తున్న ఒక అభ్యర్థి దాన్ని అబద్ధపు దేవుడి విగ్రహమని బహిరంగంగా రాశాడు. మన గ్రూపులన్నీ భగ్గుమన్నాయి, భగ్గుమనాల్సిందే. 2022 ఆగస్టులో ఎడిసన్ ఇండియా డే పరేడ్‌లో బుల్డోజర్‌ను ఊరేగించినప్పుడు మాత్రం, అది ఎవరి ఇళ్ల మీదికి పోయే యంత్రమో తెలిసీ, తమాషాగా తీసుకున్నవాళ్లు మనలో ఉన్నారు. నిర్వాహకులు తర్వాత క్షమాపణ చెప్పారు. చట్టాన్ని సగమే వాడుకుంటానంటే కుదరదు. మసీదు మీద చెల్లిన ఎత్తుగడ రేపు రాజగోపురం ఎత్తు దగ్గర పనికిరాకుండా పోదు.

నోళ్లు మూయించడం దీనికి మందు కాదని కూడా చెప్పాలి. బెర్నార్డ్స్ రాజీ ఒప్పందంలో, తర్వాతి విచారణలో ఇస్లాం గురించి, ముస్లింల గురించి ఎవరూ వ్యాఖ్యలు చేయకూడదన్న షరతు పెట్టారు. పక్కింటివాళ్లు దాని మీద మళ్లీ కోర్టుకెళ్లారు, టౌన్‌షిప్ వెనక్కి తగ్గింది. ఆ షరతు తప్పనే నేనంటాను. బోర్డు ముందు మూడు నిమిషాలు చెత్త మాట్లాడే హక్కు కూడా హక్కే. జవాబు చెప్పాల్సింది మాట్లాడినవాళ్లు కాదు, ఆ మాటలు విని అంకె మార్చిన బోర్డు. జడ్జి షిప్ తీర్పు కూడా 39 విచారణల్లో ఎవరేం వాగారన్నదాని జోలికి పోనక్కర్లేకపోయింది. సాక్షులను పిలవకుండానే, దావాలోనూ దానికిచ్చిన జవాబులోనూ టౌన్‌షిప్ తనంతట తాను ఒప్పుకున్న విషయాల మీదే పార్కింగ్ సంగతి తేల్చేశారు.